అరువు నొప్పుల శౌరయ్య

మాచవరం శౌరయ్యకు సొంత నొప్పంటూ ఒక్కటీ లేదు. ఎదురుగా కూర్చున్నవాడికి ఏ నొప్పి ఉంటే ఆయనకూ అదే. భుజం ఎత్తలేక వచ్చినవాడి ముందు ఆయన చెయ్యి కూడా సగంలో ఆగిపోయేది. నడుం పట్టేసినవాడు గుమ్మం ఎక్కుతుంటే, వాడికంటే ముందు తనే గోడ పట్టుకుని వంగేవాడు.

వృత్తి ఫిజియోథెరపీ. మిషన్ ఆసుపత్రిలో పాతికేళ్ళు జనం కాళ్ళూ చేతులూ వంచి, సాగదీసి, రిటైరయ్యాక ఇంటి ముందు గదిలో ఒక బల్ల, కాపడానికి ఒక ఎర్ర దీపం, నాలుగు ఇసుక సంచులు పెట్టుకున్నాడు.

ఆటోనగర్ నుంచి లారీ మెకానిక్ జక్కయ్య మోకాలి నొప్పితో వచ్చాడు.

"చిప్ప కిందేనా?"

"అవునండీ."

"అమ్మో, నాకూ అక్కడే! మెట్లు దిగేటప్పుడు పొడవట్లా?"

"పొడుస్తందండీ."

"నాకైతే ఎక్కేటప్పుడు కూడా!"

జక్కయ్యకు జాలేసింది. మర్నాడు తన మోకాలి సంగతి మర్చిపోయి, శౌరయ్య మోకాలికి ఆముదం కాచి తెచ్చాడు.

"ఈయనకి రాని నొప్పులు ఒక్క పురిటినొప్పులే అనుకునేదాన్ని," అనేది భార్య అమలమ్మ. "మొన్న నడుంనొప్పని ఓ నిండు చూలాలు వచ్చింది. ఆ ముచ్చటా తీరింది."

అలాంటి మనిషి చేతిలో పడ్డారు డ్రిల్లు మేష్టారు తిరుపతిరావు. హైస్కూల్లో ఇరవై ఏడేళ్ళు పిల్లల చేత లెఫ్ట్ రైట్ కొట్టించి, నడక వంకరగా ఉన్నవాణ్ణల్లా "ఏరా, గేదె నడకా?" అని ఏడిపించిన ఆయనకు వేసవి సెలవుల చివర పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు ఈడ్చుకుపోసాగింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా వైద్యులే. ఒకాయన పావురం రక్తం రాయమన్నాడు. ఇంకొకాయన మద్రాసు తీసుకెళ్ళమన్నాడు. కాఫీ మాత్రం అందరూ తాగారు. లేచి నడవమన్నవాడు శౌరయ్య ఒక్కడే.

"ఏ కాలండీ?"

"ఎడమ."

"నాకూ ఎడమే!" శౌరయ్య లేచి వరండాలో కాలు ఈడ్చాడు.

మేష్టారికి మండిపోయింది. "ఏవయ్యా, వెక్కిరిస్తున్నావా?"

"వెక్కిరింపేంటండీ! మీకంటే నాదే ఎక్కువ ఈడుస్తోంది, చూడండి."

"నీదెక్కువా? నీ మడమ లేస్తోందయ్యా. ఇదిగో, ఇట్టా ఈడవాలి!"

చూపించడానికి మేష్టారు వరండా ఆ కొసదాకా నడిచారు. రోగం వచ్చాక అదే మొదటిసారి.

నెల తిరిగేసరికి ఇల్లంతా నడుస్తున్నారు. గడప మాత్రం దాటరు. జబ్బుకు పెట్టిన సెలవు అయిపోయింది. సోమవారం పొద్దున ప్రార్థన వేళకు వచ్చి చేరకపోతే కొత్త మేష్టారిని వేసుకుంటామని హెడ్మాస్టరు కబురు పెట్టాడు.

"రిక్షాలో వెళ్ళి దిగండీ," అంది భార్య పద్మావతమ్మ.

"డ్రిల్లు మేష్టారు రిక్షా దిగడమా!"

"పోనీ నడవండి. రెండు ఫర్లాంగులే కదా."

"నడిస్తే ఊరంతా నా కాలే చూస్తుందే. గేదె నడకని నేనన్న పిల్లలంతా ఆ బజార్లోనే ఉంటారు."

సోమవారం ఏడున్నరకు శౌరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "స్కూలు వైపు పనుందండీ. కాలేమో రాత్రి నుంచి మొండికేసింది. కాస్త తోడొస్తారా?"

మేష్టారు ఆయన వంకా, గడప వంకా చూశారు. "తోడు నీకు," అని గట్టిగా చెప్పి, గడప దాటారు.

శౌరయ్య ఆ రోజు కాలు ఈడ్చిన ఈడుపు ఇంతా అంతా కాదు. ఏలూరు రోడ్డు దుమ్మంతా లేచింది. సోడా బండివాడు గోలీ కొట్టడం మానేసి నిలబడ్డాడు.

"అయ్యో, శౌరయ్యగారికి పక్షవాతం తగిలిందంట!"

"పాపం, అందరికీ నయం చేసేవాడు. చూశావూ, తన ఒంట్లో బాగోకపోయినా మేష్టారే దగ్గరుండి తీసుకెళ్తన్నారు."

మేష్టారు తల తిప్పి చూశారు. బజారులో ఒక్క కన్నూ తన కాలి మీద లేదు. అన్నీ శౌరయ్య మీదే. ఒకప్పటి గేదె నడక కుర్రాడు, ఇప్పుడు బట్టలకొట్టు యజమాని, ఎదురొచ్చి శౌరయ్యనే పరామర్శించి వెళ్ళాడు.

సగం దారిలో శౌరయ్యకు కాలు అలిసిపోయింది. చల్లగా కాలు మార్చాడు.

"ఏవయ్యా!" మేష్టారి గొంతు పళ్ళ మధ్య నుంచి వచ్చింది. "స్టెప్పు తప్పావ్. మనది ఎడమ. కుడి ఈడుస్తున్నావేంటి?"

"లాగేస్తోందండీ."

"లాగనీ. లెఫ్ట్... రైట్... ఆ, ఇప్పుడు సరిపోయింది. మెడ ఎత్తు. లెఫ్ట్!"

ఆ లెఫ్ట్ రైట్లోనే మిగిలిన ఫర్లాంగు అయిపోయింది. స్కూలు గేటు దగ్గర బంట్రోతు ఆమోసు ఇద్దరినీ చూసి, పరుగున లోపలికెళ్ళి, ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి శౌరయ్యకు వేశాడు.

"కూర్చోండి బాబూ, ఇంత కష్టమొచ్చిందేంటి మీకు!"

శౌరయ్య మూలుగుతూ కూలబడి, కుడి కాలు ఒత్తుకోవడం మొదలుపెట్టాడు.

బారులు తీరిన మూడొందల మంది పిల్లల ముందుకు వెళ్ళాల్సిన మేష్టారు ఒక్క క్షణం ఆగారు. కుర్చీ మీదకు వంగి, ఆమోసుకు వినపడకుండా, "ఎడమ కాలు, శౌరయ్యా," అన్నారు.

శౌరయ్య చెయ్యి మార్చాడు.