అర్పా పొంగినప్పుడు రవి కాపాడిన నోటుబుక్కు

అమ్మ చేతిరాత కోసం బిలాస్‌పూర్ వెళ్లాను. పెళ్లికి ముందు అక్కడి రైల్వే క్వార్టర్లో ఉండగా ఆవిడ రాసుకున్న మంగళహారతుల నోటుబుక్కు పిన్ని దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు అమ్మా లేదు, పిన్నీ లేదు. అర్పా నది పొంగి దయాల్‌బంద్‌లో తమ ఇల్లు మునిగిందని పిన్ని కొడుకు రవి ఫోన్ చేస్తే, అందరూ క్షేమమని విన్నాక నేనడిగింది ఆ పుస్తకం గురించే. అడిగాక సిగ్గేసింది. "తీసీసేనక్కా, నువ్వు రా" అన్నాడు.

విశాఖలో రాత్రి కొర్బా రైలెక్కితే పొద్దున్నే దిగాలి. వానలకు ఆగి ఆగి మధ్యాహ్నం పన్నెండుకి చేర్చింది. నడుం పట్టేసింది. మామూలుగా ఇరవైకి వచ్చే ఆటోవాలా వంద అడిగాడు. బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను. "ఈ నదిలో ఎండాకాలమంతా పిల్లలు క్రికెట్ ఆడతారు దీదీ" అని హిందీలో చెప్పుకొచ్చాడు. బురద మొదలైన చోట దింపేసి, చెప్పులు చేత్తో పట్టుకోమన్నాడు.

ఇంటి గోడ మీద నా నడుం ఎత్తున నీటి చార ఉంది. రవి లోపల బురద ఎత్తిపోస్తున్నాడు. "ఏటక్కా, ఇంత లేటయిపోనావు" అంటూ చేతులు కడుక్కుని వచ్చాడు. నది ముందు నుంచి వస్తుందని గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టుకున్నారట. నీళ్లేమో వెనక మురుగుకాలవలోంచి ఎదురెక్కి వంటింట్లోకి వచ్చాయి. "టైం నేదక్కా. టీవీ ఒగ్గీసి, అమ్మ పెట్టిలోంచి ఇదొక్కటీ తీసేను" అని ప్లాస్టిక్ సంచీ విప్పి ఎర్ర అట్ట నోటుబుక్కు చేతిలో పెట్టాడు.

తెరిస్తే పిన్ని రాత. తెల్ల చొక్కాలు నాలుగు, దుప్పట్లు రెండు, లంగాలు మూడు. చాకలికి వేసిన బట్టల జాబితా. చివరిదాకా తిప్పాను, అంతా అదే. రవి చదువంతా హిందీలోనే, తెలుగు మాటే గాని అక్షరం రాదు. పెట్టెలో ఇంకేమైనా పుస్తకాలున్నాయా అని మెల్లగా అడిగాను.

"నీలంది ఇంకోటుండేది. ముద్దయిపోనాది, పారీసేం. అచ్ఛా, ఇదన్నా దక్కింది."

నాకు ఏడుపొచ్చేసింది. సంతోషమనుకున్నాడు. "ఒకటి సదువక్కా, పాప వింటాది" అని తన కూతుర్ని పక్కన కూర్చోబెట్టాడు. చొక్కాల పేజీ ముందు పెట్టుకుని, అమ్మ పాడగా గుర్తున్న హారతి ఒకటి పాడాను. రెండో చరణం గుర్తు రాలేదు. పేజీ తిప్పి మొదటిదే మళ్లీ పాడాను.

తిరుగు రైల్లో ఆ నోటుబుక్కు నా ఒళ్లోనే ఉంది. టీవీ వదులుకుని తెచ్చినది అమ్మది కాదని వాడికి చెప్పలేను, పారేయనూ లేను. కోపం మాత్రం ఉంది, నది మీద కొంత, నా మీద ఎక్కువ. ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లినా ఆ పుస్తకం అడిగి తెచ్చుకోలేదు నేను. వానాకాలంలోపు అటు వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీవాళ్ల ఇంట్లో తెలుగు పుస్తకముంటే, అదేమిటో అట్ట మీద హిందీలో రాసి రండి.