నా పుట్టినరోజున పుట్టిన పిల్లలు

మా ముందుగదిలో టీవీ పైన ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ ఒకటి ఉండేది. 'ఉత్తమ వాలంటీర్' అని బంగారు రంగు అక్షరాలు, కింద నా పేరు. ఒక్క వేసవిలో ఇరవై ముగ్గురు పిల్లల్ని బడిలో చేర్పించినందుకు ఇచ్చారు. ఇంటికి ఎవరొచ్చినా నాన్న మొదట దాన్నే చూపించేవాడు, తర్వాతే మంచినీళ్లు. దాన్ని గోడ మీంచి పీకి మంచం కింద పడేశాను. ఎందుకు పీకానో చెప్పాలంటే మళ్లీ ఒళ్లు మండుతుంది. మండనీ.

నాన్న నాంపల్లి కోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఆబిడ్స్ వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. ఆయన చెప్పే కోర్టు కబుర్లు వింటూ పెరిగినదాన్ని కాబట్టి ఏడో తరగతిలోనే వకీలునవుతానని ఇంట్లో ప్రకటించేశాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో లా పుస్తకాలు ఏరుకొచ్చి, అర్థమైనా కాకపోయినా చదివేదాన్ని. బడికి వెళ్లని పిల్లల్ని చూస్తే నాకు జాలి కలిగేది కాదు, కోపం వచ్చేది. ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేరేలోపు ఆ కోపాన్నే పనిలో పెట్టాను. మా కాలేజీ సేవాబృందంతో కలిసి నాంపల్లి స్టేషన్ వెనక బస్తీలో ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించాను.

అక్కడ దొరికారు ఆ అక్కాచెల్లెళ్లిద్దరు. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి లేడు. తల్లి బేగం బజార్‌లో ఎండు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. పొద్దుగూకి ఇంటికొచ్చాక కూడా ఆమె చేతుల మంట తగ్గేది కాదు. పిల్లలకు అన్నం కలపాలన్నా చెంచాతోనే. పెద్దదానికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి ఆరు. బడికి పంపిస్తాను గానీ ఒక షరతు అంది తల్లి.

"ఇద్దర్ని ఒక్క తరగతిలనే ఏయుండ్రి బిడ్డా. అక్క పక్కన లేకుంటె చిన్నది గాడ కూసోదు, ఏడ్సుకుంట ఇంటికొస్తది. నేను పనికి పోతె ఇంట్ల ఎవ్వలుంటరు?"

బడి పెద్ద మేడంకి చెప్పాను. పెద్దదాన్ని రెండో తరగతిలో వేద్దాం, చిన్నది కూడా అదే తరగతి అంటే ఏడు నిండాలి అందామె. నేను గోళ్లు కొరుక్కుంటుంటే నవ్వి, "ఏముందే, నిండినయని రాసెయ్. మన దేశంల సగం మంది జూన్ నెలలనే పుట్టిన్రు, ఎర్కలేదా?" అంది. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు పంతుళ్లు వయసు సరిపోయేలా జూన్ తేదీ ఒకటి పడేయడం మా అమ్మ కాలం నుంచీ ఉన్నదే. మా అమ్మది కూడా జూనే.

తల్లి ప్లాస్టిక్ కవరులోంచి ఓ కార్డు తీసింది. చిన్నదానికి సర్కారు దవాఖానలో టీకాలు వేసినప్పుడు ఇచ్చినది. "గీండ్ల అది పుట్టిన దినం రాసున్నది బిడ్డా, జర సూడు."

"ఇప్పుడది అక్కర్లేదమ్మా," అన్నాను. విప్పి కూడా చూడలేదు. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే నన్ను నేను చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది. చదువురాని మనిషి కాగితం జాగ్రత్తగా దాచి తెచ్చి చూపిస్తే, చదువుకున్న నేను అక్కర్లేదన్నాను.

మళ్లీ వేరే లెక్క ఎందుకని అక్కాచెల్లెళ్లిద్దరికీ ఎనిమిదేళ్లు వేశాను. తేదీ ఏం రాయాలో తోచక నా పుట్టినరోజు రాశాను. కాగితాల్లేని పిల్లలందరికీ అదే రాసుకుంటూ పోయాను, గుర్తుంటుంది కదా అని. పెద్ద మేడం అన్నింటి కిందా సంతకం పెట్టింది.

తర్వాత నేను డిగ్రీలో చేరినా బస్తీని వదల్లేదు. సాయంత్రాలు కమ్యూనిటీ హాలులో పిల్లలకు చదువు చెప్పేదాన్ని. జనవరిలో నా పుట్టినరోజు వస్తే చాలు, హాలంతా లొల్లి. తలా ఒక చాక్లెట్ తెచ్చి "హ్యాపీ బర్త్‌డే అక్కా, ఇయ్యాల మాది గూడ!" అని మీదపడేవాళ్లు. కాగితం మీద కవలలైపోయిన ఆ ఇద్దరూ అందరికంటే ముందుండేవాళ్లు. నేను పొంగిపోయేదాన్ని. సిగ్గు లేకపోతే సరి.

చిన్నది చదువులో చిచ్చరపిడుగు. అక్క పక్కన కూర్చుని నిద్రపోతుంటే ఇది అక్క పుస్తకం కూడా చదివి పెట్టేది. నాలుగో తరగతికి వచ్చేసరికి, గురుకులంలో ఐదో తరగతి సీటు కోసం ఎంట్రన్స్ రాయించాలని నేనే పట్టుబట్టాను. అక్కడ చేరితే ఇంటర్ దాకా తిండీ, పడకా, చదువూ అన్నీ అక్కడే. తల్లికి కూడా అదే ఆశ.

"గాడ సీటొస్తె సదువుతది. రాకుంటె ఈ ఎండకాలం సందే నాతోని మిర్చి కాడికి తోల్కపోత. పెద్దది ఇప్పటికే ఆయితారం ఆయితారం అస్తున్నది. ఒక్కదాన్ని ఎంతని కష్టపడుదు బిడ్డా?"

దరఖాస్తు నింపించడానికి చిన్నదాన్ని వెంటబెట్టుకుని ఆబిడ్స్‌లో ఓ ఆన్‌లైన్ సెంటర్‌కి వెళ్లాను. కంప్యూటర్ ముందున్న ఆయన బడిలో ఇచ్చిన కాగితం చూసి తేదీ కొట్టి తలూపాడు. "ఎక్కుతలేదక్కా. బడి తెరిచేనాటికి పదకొండు నిండినోళ్లకు లేదు."

"కళ్లు కనిపిస్తున్నాయా? ఈ పిల్ల పదకొండేళ్ల దానిలా ఉందా?" అని అరిచాను.

"నా మీద గరమైతె ఏమొస్తది? నేను గాదు, మీ కాగితం చెప్తున్నది."

చిన్నది కుర్చీ అంచు పట్టుకుని నిల్చుంది. దాని తల నా భుజం దాకా కూడా రాదు. ఆ పిల్లకు నిజంగా నిండినవి తొమ్మిది.

బడికి పరిగెత్తాను. ఆ పెద్ద మేడం రిటైరైపోయింది. క్లర్కు రిజిస్టరు తీసి పేజీ తిప్పి నా ముందుకు జరిపాడు. నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు, పొల్లు తప్పకుండా నా చేతిరాత. పై నుంచి కింద దాకా ఒకటే తేదీ. ఆయన మంచివాడే. తల్లి దగ్గరున్న టీకాల కార్డు సంగతి చెబితే, "అయితె మారుస్తం, ఫికర్ లేదు," అన్నాడు. "గని తప్పెట్ల పడ్డదో ఎవరన్న స్టాంపు కాగితం మీద ఒప్పుకొని రాసియ్యాలె. లేకుంటె పై ఆఫీసుల నన్ను పట్టుకుంటరు. గీ రాత ఎవరిదో ఎర్కేనా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. "కనుక్కుంటాను సార్," అన్నాను. దరఖాస్తులకు ఇంకా పది రోజుల గడువుంది.

పెద్ద మేడంకి ఫోన్ చేశాను. "సంతకం నాదే గని రాత నాది గాదు గదమ్మా," అని పెట్టేసింది. అబ్బ, ఎంత బాగా చెప్పింది! ఆవిడ వకీలు కావలసింది.

నాన్నకు చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"పిచ్చి లేసిందా? లా ఎంట్రన్స్‌కు సదువుతున్నవ్. సర్కారు రికార్డుల తప్పు రాసినని నీ చేతితోని స్టాంపు కాగితం మీద రాసిస్తవా? రేపు వకీలుగ పేరు రాయించుకునేకాడ గది బయట పెడ్తె ఏం జెప్తవ్? ముప్పై ఏండ్లసంది కోర్టుల సూస్తున్న. కాగితం సావదు బిడ్డా."

నాన్న అడ్డం పడ్డాడని స్నేహితురాళ్ల దగ్గర తెగ మండిపడ్డాను. అది అబద్ధం. ఆయన వద్దన్నాడు కాబట్టి బతికిపోయాననుకున్నాను. నా కోపం అంతా ఒక వేషం. లోపల ఉన్నది భయం.

ఆ తొమ్మిది రోజులు నేను చేయని పని లేదు, చేయవలసిన పని తప్ప. పుస్తకాలు తిరగేశాను. నాన్న వకీలును పరోక్షంగా అడిగాను. వేరే దారేమైనా ఉంటుందేమోనని పై ఆఫీసుల చుట్టూ తిరిగాను. గడువు గురించి అసలు ఫికర్ పడలేదు. ఏ పరీక్షకైనా సరే, చివరి తేదీ ఎప్పుడైనా చివరి తేదీ అయిందా? ప్రతిసారీ పెంచుతారు. నాకే కాదు, ఈ ఊళ్లో ఫారం నింపిన ప్రతివాడికీ ఉన్న నమ్మకం అది.

తొమ్మిదో రోజు పొద్దున్నే తల్లి మా ఇంటికి వచ్చింది. గడప బయటే నిల్చుని ప్లాస్టిక్ కవరులోంచి ఆ కార్డు తీసి నాన్న చేతిలో పెట్టింది.

"అప్పుడు బిడ్డ సూడలే సారూ. మీరన్న సూడుండ్రి. నాకు సదువు రాదు గని, గీండ్ల అబద్ధం రాసి లేదు."

నాన్న కార్డును అటూ ఇటూ తిప్పి చదివాడు. నా వైపు చూశాడు. ఈసారి వద్దనలేదు.

ఆ పూటే నాంపల్లి కోర్టు బయట నోటరీ బల్ల ముందు నిల్చున్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని నేను రాసుకెళ్లింది చదివి, సగంలో ఆగాడు.

"ఏందమ్మా గిది, ఎవరి మీద?"

"నా మీదే."

ఆయన నన్ను పైకీ కిందకీ చూసి ముద్ర కొట్టాడు.

మధ్యాహ్నానికల్లా కాగితం తీసుకెళ్లి బడి క్లర్కు చేతిలో పెట్టాను. ఆయన అందులో పేరు చదివి, నన్ను చూసి, ఫైల్లో పెట్టుకున్నాడు. నాలుగో రోజున ఫోన్ చేశాడు. పని అయిపోయింది. నా గుండ్రటి అక్షరాల మీద ఎర్ర ఇంకు గీత, పైన అసలు తేదీ, పక్కన ముద్ర. నాలుగే నాలుగు రోజులు! ఆ నాలుగు రోజుల పని కోసం నేను తొమ్మిది రోజులు గోళ్లు కొరుక్కున్నాను. గడువు మూడు రోజుల కిందటే ముగిసింది. ఆ ఏడు పెంచలేదు. ఎన్ని ఆఫీసుల్లో అడిగినా, ఎంత అరిచినా, ఎంత బతిమాలినా పెంచలేదు. ఐదో తరగతిలో తప్పితే మళ్లీ అక్కడ చేరడానికి ఖాళీలు వస్తే తప్ప దారి లేదన్నారు.

నాన్న భయపడ్డదీ నేను భయపడ్డదీ ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. ఏమీ కాలేదు. తర్వాత ఎంట్రన్స్ రాశాను, లా సీటు వచ్చింది. ఆ స్టాంపు కాగితం గురించి ఇంతవరకు ఒక్క మనిషి అడగలేదు. ఆ బడి ఫైల్లో ఎక్కడో దుమ్ము కొట్టుకుంటూ పడుంటుంది. ఎవరూ అడగని దానికి భయపడి ఒక పిల్ల సీటు పోగొట్టాను.

తల్లికి చెప్పడానికి బేగం బజార్ వెళ్లాను. గోనెసంచుల మధ్య కొంగు ముక్కుకు కట్టుకుని కూర్చుని ఉంది. నేను దగ్గుతూ, తుమ్ముతూ, తప్పు నాదేనని మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. నా జుట్టు పట్టుకుని నాలుగు తగిలించినా నిల్చునేదాన్ని. ఆమె చేతిలోని మిరపకాయ తొడిమ తుంచి పక్కన పడేసింది.

"పోనియ్ బిడ్డా. నువ్వు కావాలని చేసినవా? పో, కాలేజీకి లేటైతది నీకు."

ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం మనిషి ఈమె? ఎందుకు తిట్టదు? ఇలా పోనీ పోనీ అనబట్టే కదా మాలాంటివాళ్లం తోచింది రాసుకుంటూ పోతాం! గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరుస్తాను, నా మొహం. నాంపల్లి దాకా నడుచుకుంటూ వచ్చి, ఇంటికెళ్లి ఆ ఫ్రేము పీకాను.

మిగతా పిల్లల సంగతి వదల్లేదు. ఒక్కో ఇంటికీ వెళ్లి, ఈసారి చేతులు కట్టుకుని అడిగి, ఉన్న ప్రతి కార్డూ చదివాను. ఏడుగురి దగ్గర సరైన తేదీ ఉంది. నాలుగో తరగతి దాకా చదువుకున్న తల్లి ఒకామె బిడ్డ పుట్టిన తేదీని గోడ మీద బొగ్గుతో రాసుకుంది కూడా. బడిలో చేర్పించిన రోజు ఎవరినీ అడగలేదు నేను.

అదే నెలలో నా పుట్టినరోజు వచ్చింది. హాలుకు వెళ్లకూడదనుకున్నాను, వెళ్లాను. పిల్లలందరూ చాక్లెట్లతో మీదపడ్డారు. "ఇయ్యాల మాది గూడ!" అని పెద్దది అందరికంటే గట్టిగా అరిచింది. చిన్నది వెనక నిల్చుంది. లొల్లి కాస్త తగ్గాక దగ్గరికి వచ్చి, చెయ్యి చాపింది. మిర్చి ఘాటు దాని చేతి నుంచి వస్తోంది. అప్పటికే రెండు ఆదివారాలు అమ్మతో పనికి పోయిందట.

"హ్యాపీ బర్త్‌డే అక్కా," అని ఒక చాక్లెట్ నా చేతిలో పెట్టింది.

"నీకేదీ?"

"ఇయ్యాల నాది గాదంట గదక్కా. కాగితంల మార్చిన్రు."

చాక్లెట్ పట్టుకుని అలాగే నిల్చున్నాను. నా ఏడుపు ఏడుపుగా బయటికి రాదు, ఎప్పుడూ అంతే.

"చాలు మీ ఆటలు! పుస్తకాలు తియ్యండి!" అని అరిచాను.

ఆ కోపం తమ మీదే అనుకుని పిల్లలంతా గబగబా వరసల్లో కూర్చున్నారు. అందరికంటే ముందు పుస్తకం తెరిచింది చిన్నదే.