చూడని సినిమాకి తిన్న దెబ్బ

మేం చిన్నగా ఉన్నప్పుడు బెంగళూరు పక్కన మా కాడుగోడిలో గోడ మీద కొత్త పోస్టరు పడితే చాలు... ఆ వారం వీధంతా అదే మాట. తొంభైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకటి పడింది. పిండిమర గోడ మీద తడిసిన చీరలో హీరోయిన్, పక్కన పళ్ళికిలిస్తా హీరో, మూలన గుండ్రంలో 'ఎ' అక్షరం. లవ్ కామెడీ అన్నారు. అంతా డబుల్ మీనింగే అన్నారు. ఆ గోడ దాటేటప్పుడు అమ్మ నా తల అవతలికి తిప్పేసేది.

చూడదగ్గదేనా అని నేనడిగింది జయ చిన్నమ్మని. మా అమ్మ చెల్లెలు. టైపు నేర్చుకుంటా మా ఇంట్లోనే ఉండేది. నాకు జడలేసేది ఆమే... నా రహస్యాలన్నీ ఆమె దగ్గరే.

"థూ, అదేం సినిమా పాపా! మా టైపు క్లాసు అమ్మాయిలు చూసొచ్చి తలనొప్పి అంటుండారు. దండగ."

నమ్మేసినా. మర్నాడు క్లాసులో, నేనే చూసొచ్చినట్టు అందరికీ చెప్పేసినా... "దండగప్పా, పోవద్దండి" అని.

శనివారం మధ్యాహ్నాలు నాకు హిందీ ట్యూషన్. చిన్నమ్మే దింపి, సాయంత్రం తీసుకొచ్చేది. ఆ మూడు గంటలూ అక్కడే కూర్చుంటానని ఇంట్లో చెప్పేది. నాతో మాత్రం "ఫ్రెండింటికి పోయొస్తా, ఇంట్లో అనొద్దు" అనేది. నేను ఎప్పుడూ అనలేదు.

ఒక ఆదివారం పొద్దున పిన్నీసు కోసం అమ్మ చిన్నమ్మ హ్యాండ్‌బ్యాగు తీస్తే, రెండు బాల్కనీ టికెట్ ముక్కలు రాలినాయి. నిన్నటి తేదీ, మ్యాటినీ... ఆ సినిమా ఆడుతున్న థియేటర్‌వే. ఇడ్లీ తింటున్న నాన్న చెయ్యి ఆగిపోయింది.

"రెండు టికెట్లు ఉండాయి. ఎవరితో పోయినావు జయా?"

చిన్నమ్మ నా వైపు చూసింది. సాయం అడుగుతోందేమో అనుకున్నా...

"పాప ఒకటే ఏడుపు బావా, చూడాల్సిందేనని. తట్టుకోలేక తీసుకపోతిని."

నాన్న లేచి ఎడమ చేత్తోనే లాగి కొట్టినాడు. నా జన్మలో ఆయన కొట్టింది ఆ ఒక్కసారే. "ఈ వయసుకే ఇట్లాంటివి కావాల్నా నీకు?" అన్నాడు. నేను పోలేదని చెప్పడానికి నోరు తెరిచినా. చిన్నమ్మ తల దించుకుని గోళ్ళు చూసుకుంటా ఉండింది. తెరిచిన నోరు మూసేసినా...

ట్యూషన్ మాన్పించేసినారు. నాన్న నెలరోజులు నాతో మాట్లాడలేదు. లూనా మీద స్కూలుకి దింపేవాడు గానీ, అద్దంలో కూడా నా ముఖం చూసేవాడు కాదు.

రెండేళ్ళకి చిన్నమ్మ పెళ్ళి... ఆ రెండో టికెట్ మనిషితోనే. మావాళ్ళలోని అబ్బాయే, మంచి ఉద్యోగం. ఇంట్లో సంతోషంగా ఒప్పుకున్నారు. భోజనాల దగ్గర కొత్త చిన్నాయన నవ్వుతా బయటపెట్టేసినాడు, ఆ సినిమాకి ఇద్దరూ కలిసి మూడుసార్లు పోయినామని. పంక్తంతా నవ్వింది. నాన్న కూడా. "దొంగలప్పా మీరు!" అని ఆయన భుజం తట్టినాడు. నేను ఎదురు వరసలోనే విస్తరి ముందు ఉన్నా. నాన్న ఒక్కసారి నా వైపు చూస్తాడని ఎదురుచూసినా... చూడలేదు.

వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగంలో చేరినాక, ఒకసారి ఆఫీసు ఫ్రెండ్స్ ఆ సినిమా సీడీ తెచ్చినారు. మొత్తం చూసినా. పెళ్ళిచూపుల సీను ఒక్కటే పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వించింది. మిగతాదంతా బూతు జోకులే... అవి కూడా పాతవే. నిజంగానే దండగ. వెంటనే చిన్నమ్మకి ఫోన్ చేసినా.

"ఆ సినిమా చూసినా చిన్నమ్మా. బాగలేదు."

"మేమెక్కడ చూసినామే సినిమా!" అని పకపకా నవ్వింది.

"ఆ రోజు నా పేరెందుకు చెప్పినావు?"

నవ్వు ఆపేసింది. తర్వాత మెల్లిగా అనింది... "నిన్నైతే ఒక దెబ్బతో వదిలేస్తారు పాపా. నన్నైతే మర్నాడే ఊరికి పంపించి ఎవడికో కట్టబెట్టేసుందురు."

నిజమే కావచ్చు. కానీ ఫోన్ పెట్టేసినాక తట్టింది... అప్పుడు కూడా "తప్పయింది" అనలేదు ఆమె.

ఇప్పుడు మా అమ్మాయి సోఫాలో నా పక్కనే కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏవేవో చూస్తుంటుంది. అడిగితే "ఏదో కామెడీ అమ్మా" అంటుంది. సినిమా చూడ్డానికి ఎవరి తోడూ అక్కర్లేదు, ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు. మంచి కాలమే... అయినా నా చెంప మాత్రం ఇంకా ఆ ఆదివారంలోనే ఉండిపోయింది.

మీరు చెయ్యని తప్పుకి, బాగా నమ్మినవాళ్ళ వల్ల మీకు పడిన దెబ్బ ఏదైనా ఉంటే కింద రాయండప్పా... ఒక్కొక్కటీ చదువుతా.