రోజుకో తట్ట మట్టి

ఆ రిపోర్టు టైపు చేసింది నేనే. మూడో పేజీ దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. పార్కులో పిల్లల ఉయ్యాలల కింద మట్టిలో సీసం ఉండదగిన దానికి తొమ్మిది రెట్లు ఉందని రాసి ఉంది. తప్పు చదివానేమోనని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. తొమ్మిదే. నాలుగేళ్ల నా కూతురు రెండేళ్లుగా ప్రతి సాయంత్రం చతికిలబడి ఆడుకునే చోటు అది.

మట్టి పరీక్షలు చేసిన ఇంజనీరమ్మ నా బల్ల పక్కనే నిలబడి ఉంది. మూడు వారాలుగా ఇనుప గొట్టం ఒకటి నేలలో దింపుతూ, ఇరవై మీటర్లకు ఒకచోట మట్టి తీసి, సంచుల మీద అంకెలు వేసుకుంటూ తిరిగిన మనిషి.

"నాకు అర్థం కానిది ఒకటే అండీ. ఉత్తరం మూల సీసం ఉంటుందనుకున్నాం, అక్కడ దాదాపు లేదు. ఉండకూడని చోటల్లా ఉంది. సీసం దానంతటది నడిచిపోదు కదా! ఎవరో మోసుండాలి" అంది.

ఎవరు మోశారో ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. మోసింది మా మావయ్య.

మావయ్య అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. ఆ పార్కులో ముప్ఫయ్యొక్క ఏళ్లుగా తోటమాలి. నేను పార్కుల ఆఫీసులో గుమస్తాగా చేరింది కూడా ఆయన చెప్పులరిగేలా తిరిగితేనే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "పార్కు ఒప్పుకోలేదు" అనేవాడు. "దాన్నే కట్టుకున్నాడు, అదైనా సుఖపెట్టిందా?" అని మా అమ్మ మూతి తిప్పేది.

ఆయన సామాన్ల గదిలో పారలు, గునపాలు, జల్లెడలు వరసగా మేకులకు వేలాడేవి. గోడ మీద ఒక్కోదాని ఆకారం సుద్దతో గీసి ఉండేది. గునపం చోట ఎవరైనా పార తగిలిస్తే ఆ రోజంతా మాటలుండవు. గడ్డి మీద ఎవరైనా పడుకుంటే తిట్టేవాడు కాదు. పక్కనే వెళ్లి నిలబడి, వాళ్లు లేచేదాకా నిట్టూర్పులు విడిచేవాడు. పాపం, లేవని మనిషిని నేను చూడలేదు.

ఆయన ప్రాణానికి ఉత్తరం మూల ఒక్కటే శని. ఇరవై అడుగులు ఇటు, ఇరవై అడుగులు అటు ఉంటుంది. అక్కడ గడ్డి పోచ కూడా మొలిచేది కాదు. అందరూ దాన్ని బట్టతల అనేవాళ్లు. ఆయన ఉద్యోగంలో చేరిన తొమ్మిదో ఏట పెద్ద అధికారి ఒకాయన తనిఖీకి వచ్చి, నలుగురిలో "ఈ కాస్త చోట గడ్డి మొలిపించడం చేతకాదా నీకు?" అని నవ్వాడట. మావయ్యకు తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి పట్టు పట్టాడు. రోజూ పొద్దున్నే బట్టతలలో ఒక తట్ట మట్టి తవ్వడం, దాన్ని జల్లించి పార్కులో పచ్చగా ఉన్న ఒక చోట కలపడం, అక్కణ్నుంచి ఒక తట్ట మంచి మట్టి తెచ్చి బట్టతలలో పోయడం. ఏ ఒక్క చోటి మీదా భారం పడకూడదని ప్రతిరోజూ చోటు మార్చేవాడు.

"మట్టిలో చెడ్డదంటూ ఉండదమ్మాయ్. ఒంటరిగా ఉండి పాడైపోతుంది. నలుగురిలో కలిపేస్తే అదే బాగుపడుతుంది" అనేవాడు నాతో.

పదకొండేళ్లకు బట్టతల మీద గడ్డి మొలిచింది. ఆ రోజు మమ్మల్ని ఇంటి దగ్గర్నుంచి లాక్కుపోయి చూపించాడు. మా అమ్మా నేనూ చెప్పులు విప్పి, దాని మీద నిలబడ్డాం. అంత సంతోషంగా ఆయన్ని మళ్లీ చూడలేదు. గడ్డి వచ్చాక ఆపేశాడా అంటే లేదు, అడుగున ఇంకా నల్లటి మట్టి మిగిలిందని మరో పదకొండేళ్లు తవ్వుతూనే ఉన్నాడు. నేను కూడా ఎన్నోసార్లు పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ ఆ జల్లెడ పట్టాను.

రెండేళ్ల కిందట ఒక పాప ఉయ్యాల మీంచి పడి మోచేయి విరిగింది. మావయ్య రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. బట్టతల అడుగున మిగిలిన నల్లమట్టి పిండిలా మెత్తగా ఉండేది. అందులో చాలావరకు తవ్వి, తొమ్మిది రోజులు కూర్చుని సన్న జల్లెడలో జల్లించి, ఉయ్యాలల కింద జానెడు మందాన పరిచాడు. దాని మీద మొదట కూర్చున్నది నా కూతురే. గుప్పెడు తీసి నోట్లో పెట్టుకుంటే నేను చేతి మీద ఒకటి వేశాను.

"ఏం కాదులేవే, అది నా మట్టి" అని నవ్వాడు మావయ్య.

ఇదంతా టైపు మిషను ముందు కూర్చున్న నాకు ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగింది. కాగితం పట్టుకుని సామాన్ల గదికి పరుగెత్తాను. కత్తెరకు నూనె రాస్తున్నాడు.

"మావయ్యా, బట్టతల మట్టి ఎక్కడెక్కడ వేశావు?"

"అంతటా వేశాను. ఎందుకు?" అన్నాడు, గర్వంగానే.

"ఉయ్యాలల కింద?"

"అడుగు మట్టి చాలావరకు అక్కడికే. మెత్తటిది కదా!"

కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించాను. పార్కు వేయకముందు ఆ మూల పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే షెడ్డు ఉండేదట. ఆ యాసిడ్, ఆ బూడిద అన్నీ అక్కడే పారబోశారట. గడ్డి మొలవకపోవడానికి కారణం అదట.

"నాకెవరూ చెప్పలేదే?" అన్నాడు మావయ్య.

ఎవరూ చెప్పలేదు, నిజమే. కానీ ఆ సంగతి ఒక ఫైల్లో రాసి ఉంది. ఆ ఫైలు ఉన్నది నేను పన్నెండేళ్లుగా వీపు ఆనించుకుని కూర్చునే బీరువాలో. ఆ మాట కూడా చెప్పాను. ఆయన విన్నట్టు లేదు. కత్తెర చేతిలోంచి జారి కింద పడింది. ఏ వస్తువూ కింద ఉండనివ్వని మనిషి, దాన్ని తీయలేదు.

"చంటిది నోట్లో పెట్టుకుంది కదే" అన్నాడు.

మర్నాడు ఇద్దరికీ రక్తం తీయించాం. నా కూతురికి సీసం ఉండకూడనంత ఉంది. మావయ్య కాగితం చూసిన డాక్టరు, అంకె నమ్మలేక, రక్తం గొట్టాలేమైనా తారుమారయ్యాయేమోనని మళ్లీ తీయించాడు. తారుమారు కాలేదు. కొన్నేళ్లుగా ఆయన కడుపునొప్పి అంటే టీ తగ్గించుకోమన్నాం, చేతులు వణికితే వయసు అన్నాం. పాప సంగతి అడిగితే, "ఇక ఆ మట్టి తగలనివ్వకండి, మూడు నెలలకు మళ్లీ చూద్దాం, ఇప్పుడే ఏమీ చెప్పలేను" అన్నాడు డాక్టరు. నేను ఆసుపత్రి మెట్ల మీదే మావయ్యను తిట్టాను.

"ఇరవై రెండేళ్లు మట్టి మోశావు, ఒక్కరోజైనా బుర్ర పెట్టి ఆలోచించావా? ఇంక మా ఇంటి గడప తొక్కకు" అన్నాను.

తల వంచుకుని విన్నాడు. నేను కూడా జల్లెడ పట్టానన్న మాట అప్పుడు నాకు గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదేమో కూడా.

ఆఫీసుకు వెళితే సూపరింటెండెంటు గారు తలుపు దగ్గరగా వేసి కూర్చోమన్నారు.

"మీ మావయ్య రెండు నెలల్లో రిటైరవుతున్నాడు. ఇప్పుడు ఇది బయటపడితే ఆయన పరువూ పోతుంది, మనదీ పోతుంది. సీసం దొరికిన చోట్ల తవ్వించేసి కొత్త మట్టి పోయిద్దాం, మిగతా పార్కు తెరిచేద్దాం. ఎలా వచ్చిందో తెలియలేదని ఒక్క ముక్క కలుపమ్మా, చాలు."

ఇరవై మీటర్లకు ఒకచోటే చూశారని నాకు తెలుసు. మధ్యలో ఎన్ని తట్టలు ఉన్నాయో మావయ్యకు తప్ప ఎవరికీ తెలియదని కూడా తెలుసు. ఆ మిగతా చోట్ల రేపు ఇంకొకరి పిల్లలు ఆడతారు. అన్నీ తెలిసి, "మట్టి తరలిన కారణం తెలియరాలేదు" అని టైపు చేశాను. తప్పుల్లేకుండా చేశాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండు రోజుల తర్వాత మూసేసిన గేటు ముందు తల్లిదండ్రులు గుమిగూడారు. వంద మందికి పైనే ఉంటారు. సూపరింటెండెంటు గారు నా కాగితం చదివారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకున్న ఒకావిడ చెయ్యెత్తింది.

"అసలు ఉయ్యాలల కిందికి ఎలా వచ్చిందండీ?"

"అదే తెలియరాలేదమ్మా."

"నేనే తెచ్చాను" అన్నాడు మావయ్య వెనక నుంచి.

ఆయన ఏదో సరదాకి అంటున్నాడనుకుని ఒకరిద్దరు నవ్వారు. ఆయన అందరినీ తప్పించుకుంటూ ముందుకు వచ్చి నిలబడ్డాడు. మాట తడబడలేదు.

"రోజుకో తట్ట. ఇరవై రెండేళ్లు మోశాను. బాగుపడుతుందనుకున్నాను. పిల్లలకు దెబ్బ తగలకూడదని ఉయ్యాలల కింద పోసింది కూడా నేనే. మీరు తవ్విస్తామంటున్న చోట్లు చాలవండీ. ఎక్కడెక్కడ కలిపానో నాకు గుర్తుంది, చూపిస్తాను."

ఒకాయన ఒక్క ఉదుటున వచ్చి మావయ్య చొక్కా పట్టుకున్నాడు. పొద్దున్నే నడకకు వచ్చి ఆయనతో కలిసి టీ తాగే మనిషే. ఇంకొకావిడ ఉన్నచోటనే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. మావయ్య చొక్కా విడిపించుకోలేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. నేను జనంలోనే ఉన్నాను. ముందుకు వెళ్లలేదు. ఇంజనీరమ్మ వెళ్లి విడిపించింది.

మర్నాటి నుంచి ఆవిడ మావయ్య చేతికి ఎర్ర జెండాల కట్ట ఇచ్చి వెంట తిప్పుకుంది. గుర్తుండటమంటే ఎంత గుర్తుంటుందిలే అనుకున్నాం. ఆయనకు ప్రతి తట్టకూ ఒక గుర్తు ఉంది. ఇది గులాబీలు వేసిన ఏడు, ఇది గాలివానకు చెట్టు పడ్డ వారం, ఇది అక్కకు ఆపరేషన్ అయిన నెల. నమ్మకం కుదరక ఆవిడ పదకొండు జెండాల దగ్గర గొట్టం దింపి చూసింది. పదకొండూ నిజమే. మూడు రోజుల్లో మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఆకుపచ్చ రంగు కంటే ఎరుపే ఎక్కువ కనిపించింది. పార్కు మొత్తం తవ్వాల్సిందేనని తేల్చారు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంజనీరమ్మ నాకు ఫోన్ చేసింది. ఆవిడ గొంతు గుర్తు పట్టలేకపోయాను.

"ఇక అయిపోయాయా అని అడిగానండీ. లోపలివి అయిపోయాయి అన్నాడు. లోపలివి అంటే ఏమిటి అంటే, బయట కూడా ఉన్నాయి అన్నాడు."

ఏటా బడి పిల్లలు పార్కు చూడటానికి వచ్చేవాళ్లు. వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ మావయ్య ఖాళీ డబ్బాలో ఒక మొక్క పెట్టి ఇచ్చేవాడు. సగం ఎరువు, సగం బట్టతల మట్టి. మెత్తగా ఉంటుంది, వేళ్లు త్వరగా దిగుతాయని. ఏటా నలభై డబ్బాల పైనే. పద్దెనిమిదేళ్లు.

ఆ సాయంత్రం మా ఇంటి తలుపు చప్పుడైంది. తీస్తే మావయ్య. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ. వెనక మెట్ల మీద మూత ఉన్న డ్రమ్ముతో ఇంజనీరమ్మ. ఆయన గడప బయటే ఆగిపోయాడు. ఆ మాట అన్నది నేనే కదా.

"అమ్మాయ్, మీ వంటింటి కిటికీలో పుదీనా డబ్బా ఉంది. పాప పుట్టినప్పుడు నేనిచ్చింది. అది ఇచ్చెయ్" అన్నాడు.

నాలుగేళ్లుగా రోజూ దాని ఆకులు తుంచుతున్నాను. పాప తాగే నీళ్లలో వేస్తున్నాను. నిన్న కూడా వేశాను, పార్కు మట్టి నుంచి పిల్లను కాపాడుకున్నాననుకుంటూ. వంటింట్లోకి వెళ్లి ఆ డబ్బాను చేతుల్లోకి తీసుకున్నాను. బిడ్డకు ఆ విషం పెట్టిన చెయ్యి ఎవరిదో అప్పుడు తెలిసింది. ఆసుపత్రి మెట్ల మీద నేనన్న మాటలన్నీ చెవుల్లో మోగాయి.

నేను తిరిగి వచ్చేసరికి పాప "తాతయ్యా!" అంటూ గుమ్మం వైపు పరుగెత్తుతోంది. మావయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. చేతులు వీపు వెనక దాచుకున్నాడు.

"దగ్గరికి రావద్దమ్మా. అక్కడే ఉండు."

అదేదో ఆట అనుకుంది పిల్ల. తనూ చేతులు వెనక్కి పెట్టుకుని, గడపకు ఇవతల ఆయనకు ఎదురుగా నిలబడి నవ్వింది. మావయ్య ముక్కు మీది గుడ్డ తడిసిపోయింది.

డబ్బా డ్రమ్ములో వేసి చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను. "ఇంకా ఎన్ని ఇళ్లున్నాయి?" అని అడిగాను.

"ఏడొందల పైనే ఉంటాయి. ముందు ఇక్కడికే వచ్చాను" అన్నాడు.

ఏ ఏడు ఏ పిల్లలు వచ్చారో ఆ జాబితాలన్నీ మా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. పాపను పక్కింటి ఆవిడకు అప్పగించి, బీరువా తాళం తీసుకుని వాళ్లతో మెట్లు దిగాను. రెండో ఇంటి తలుపు నేనే తట్టాను.