మాస్టారు ఓడించిన ఆట

మాస్టారు ఇక లేరని ఈ వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం తెలిసింది. మా పప్పుల కొట్లో కరెంటు లేదు. చెమటలు కక్కుతూ కందిపప్పు బస్తా మూతి విప్పుతుంటే ఫోను మోగింది. మాస్టారి భార్య. మేమంతా ఆవిడని పిన్నిగారంటాం. "మీ మాస్టారు ఎలిపోనారమ్మా" అని ఒక్క మాట అని పెట్టేశారు. సాయంత్రానికి పాత ఆటగాళ్ళ ఫోను గుంపులో బాంకాక్ నుంచి, పెనాంగ్ నుంచి, ఎక్కడున్నారో చెప్పడానికి ఇష్టపడని చోట్ల నుంచి చేతులు జోడించిన బొమ్మలు వరసగా దిగాయి. మోయడానికి మాత్రం మనుషులు చాలక పక్కవీధి బర్మా కుర్రాళ్ళని పిలవాల్సి వచ్చింది. వాళ్ళూ ఆయన్ని "సయా" అనే పిలిచేవారు. సయా అంటే వాళ్ళ భాషలో మాస్టారే.

ఆయన బడి పంతులు కాదు. పగలు యాంగోన్ నది మీద అహ్లోన్ రేవులో బస్తాలు లెక్కపెట్టే గుమస్తా, సాయంత్రం బాస్కెట్‌బాల్ కోచ్. మనిషి పొట్టి. జట్టు చుట్టూ నిలబడితే మధ్యలో ఆయన కనపడేవారు కాదు, గొంతే వినపడేది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి బియ్యం మిల్లుల్లో మోతకి వచ్చిన కుటుంబం. ఆ పాత మిల్లు ఒకదాని పక్కనే నది ఒడ్డున మా సిమెంటు కోర్టు ఉండేది. ఎంత ఊడ్చినా మూలల్లో ఊక కనిపించేది. ఏటా ఆటలు మొదలయ్యే ముందు మాస్టారు ఒక కొబ్బరికాయ అమ్మవారి పేర కొట్టి, ఇంకోటి ఆ చోటిని కాచే బర్మావాళ్ళ నాట్ దేవుడికని స్తంభానికి కట్టేవారు. "ఇద్దరి ఊర్లోనా ఉన్నాం గదా, ఇద్దరికీ సెప్పుకోవాల" అనేవారు.

యాంగోన్‌లో జీతాలిచ్చి బాస్కెట్‌బాల్ ఆడించే కంపెనీలు ఉండేవంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. ఉండేవి. మా జట్టు ఓనరుకి ఇంజన్ ఆయిల్ వ్యాపారం. మింగళాడోన్‌లో బస్సుల వాళ్ళ జట్టు, ఇంకా కొన్ని. పప్పులమ్ముకునే ఇంటి ఆడపిల్లకి కూడికలు తప్పవని నమ్మి మాస్టారు నన్ను స్కోరు బల్ల దగ్గర కూచోబెట్టారు. జుట్టు నెరిసేదాకా అక్కడే కూచున్నాను. అందుకే ఆయన గురించి నాలుగు మాటలు రాయడానికి నాకు హక్కుందని అనుకుంటున్నాను.

ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు, ఎర్రంచుది. ఎవరినైనా ఆటలోంచి తీస్తే, వాడు బయటికి రాగానే ఆ తువ్వాలు వాడి భుజాన వేసేవారు. మళ్ళీ దింపాలంటే మాటా ఉండదు, సైగా ఉండదు. వెనకనుంచి వచ్చి తువ్వాలు లాగేసుకునేవారు. భుజం తేలికైందంటే లేచి పరిగెత్తడమే. బెంచీ మీద కూచున్నవాడు పక్కవాడితో కబుర్లు పెడితే మాత్రం ఆయనకి ఒళ్ళు మండేది. "కూకున్నోడు కూడా ఆడతన్నట్టే ఉండాల" అనేవారు. చాలామందికి ఈ మాట విసుగు. సింహాచలానికి అది వేదం.

సింహాచలం మా కెప్టెన్. అతని తాతా మోతకూలీయే. మాస్టారికి పిల్లల్లేరు కాబట్టి ఇతనే కొడుకని జనం అనేవాళ్ళు. ఆ మాట విని మాస్టారు కసురుకునేవారు, లోపల మాత్రం మురిసిపోయేవారు. అంతకుముందు సంవత్సరం సింహాచలానికి ఎడమ మోకాలు దెబ్బతింది. డాక్టరు ఆడొద్దన్నాడు. మాస్టారు ఆడమన్నారు. రోజూ ఆవనూనె వెచ్చచేసి తన చేత్తోనే ఆ మోకాలికి మర్దనా చేసేవారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అమెరికాలో కొన్ని పెద్ద జట్లు కావాలని ఓడిపోతాయట. అట్టడుగున ఉన్న జట్టుకి కొత్త ఆటగాళ్ళని ముందుగా ఎంచుకునే వీలు దొరుకుతుంది గనక, మంచి కుర్రాడు వస్తున్నాడని తెలిస్తే ఆ ఏడంతా ఓటమికి ఎగబడతాయట. మా పోటీలు నడిపేవాళ్ళు ఆ పద్ధతినే ఇక్కడికీ తెచ్చారు, చివర నిలిచిన జట్టుకి మొదటి ఎంపిక అని. సరిగ్గా ఆ ఏడే నది అవతల తన్లిన్‌లో చమురుశుద్ధి కార్మికుల ఇళ్ళల్లో ఒక కుర్రాడు బయటపడ్డాడు. బస్సెక్కితే మెడ వంచుకుని నిలబడాల్సినంత పొడుగు. ఆ పొడుగుకి తగని మెత్తటి చేతులు. వాణ్ణి చూసిన రోజు నుంచి ఓనర్లెవరికీ నిద్ర లేదు.

చివరి మ్యాచ్ మాకూ మింగళాడోన్ వాళ్ళకీ. అప్పటికి కింద మిగిలింది మేమిద్దరమే. ఓడినవాళ్ళదే కుర్రాడు. ఈ లెక్క ఓనర్ల మధ్యే ఉంది, ఆడేవాళ్ళకీ బల్ల దగ్గరున్న నాకూ అప్పటికి తెలియదు. తెలిసిన మనుషులు రెండు వైపులా గట్టు మీద కూచుని, తమ జట్టు బుట్టలో వేసినప్పుడల్లా మొహం మాడ్చుకుంటున్నారు. సింహాచలం ఆ రోజు చెలరేగిపోయాడు. వాళ్ళమ్మ ఆ ఏడాదికి మొదటిసారి ఆట చూడ్డానికి వచ్చి, తల మీద కొంగు కప్పుకుని గోడ పక్కన కూచుంది. అతను ఎక్కణ్ణించి వేసినా బంతి లోపలికే పోతోంది. మేం ముందున్నాం. ఇంకా కొద్ది నిమిషాలే ఉండగా మాస్టారు సింహాచలాన్ని బయటికి పిలిచి తువ్వాలు భుజాన వేశారు.

నేను కలం పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను. జనం గోల పెట్టారు. సింహాచలం మాత్రం తువ్వాలు సర్దుకుని బెంచీ దగ్గరికి నడిచాడు. బెంచీ అంచు మీద మోచేతులు మోకాళ్ళకి ఆనించి, కళ్ళు కోర్టు మీదే పెట్టి కూచున్నాడు. అవతలివాళ్ళు ఒకటొకటే వేసి మమ్మల్ని అందుకున్నారు, దాటారు. ఈల మోగింది. తువ్వాలు అతని భుజం మీదే ఉంది.

ఆ సాయంత్రం ఓనరు మా అందరికీ డాన్‌బౌ బిర్యానీ తెప్పించాడు. ఓడిన మ్యాచ్‌కి విందేమిటని కుర్రాళ్ళు నవ్వుకుంటూనే లాగించారు. ఓదార్పు అనుకున్నారు పాపం. మాస్టారు ముట్టలేదు. సింహాచలం రాలేదు. మర్నాడు వచ్చి, "మాస్టారూ, మోకాలు పనైపోనాది. మీరు నిన్ననే సూసీసినారు. మీ నోటితో సెప్పించుకోను, నానే మానీస్తాను" అన్నాడు. మాస్టారు నూనె గిన్నె అందుకుని, మళ్ళీ కింద పెట్టేశారు. నేనప్పుడు పక్కనే ఉన్నాను. కెప్టెన్ పోతున్నాడని దిగులుపడ్డారనుకున్నాను.

తన్లిన్ కుర్రాడు వచ్చాడు, మా చొక్కా తొడుక్కుని ఫొటో దిగాడు. మా తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మొదట కరోనా రోగం వచ్చి పోటీలు ఆగిపోయాయి, ఆ తర్వాత సైన్యం ఏలుబడి, దాంతోపాటు మిగతాదంతా వచ్చింది. ఓనరు జట్టు మూసేశాడు. కోర్టు లారీలు నిలిపే చోటైంది. కుర్రాళ్ళని సైన్యంలోకి పిలవడం మొదలయ్యేసరికి ఆ పొడుగుపిల్లాణ్ణి వాళ్ళింట్లోవాళ్ళు సరిహద్దు దాటించారు. మలేషియాలో ఏదో గోడౌన్‌లో నిచ్చెన లేకుండా పై అరలు సర్దుతున్నాడని విన్నాను.

మాస్టారికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరాక సాయంత్రాలు నేను వెళ్ళి కూచునేదాన్ని. ఆయన కుర్చీ బాల్కనీలో, కోర్టు వైపు. ఒకరోజు చెవి రిక్కించి, "ఎవులో ఆడతన్నారమ్మా, ఇనబడతందా?" అన్నారు. కింద లారీలు తప్ప ఏమీ లేవు. "ఏటీ లేదు మాస్టారూ" అన్నాను. ఆయన నమ్మలేదు. ఆ తర్వాత రోజూ అదే. అటువైపు చూస్తూనే, "నువ్వు బల్ల కాడ ఉన్నావు గదా, సెప్పు. ఇంకా టైముందా?" అని అడిగేవారు. ఏ ఆట గురించో నేను అడగలేదు. "ఉంది మాస్టారూ" అనేదాన్ని. అప్పుడు కాస్త కుదుటపడేవారు. నాకు మాత్రం ఇంటికెళ్ళేదాకా వీపు మీద ఎవరో చూస్తున్నట్టే ఉండేది. మెట్లు దిగుతూ ఒకసారి నాకూ టప్ టప్‌మని వినిపించింది. ఆగాను. అదీ ఆగింది. పై అంతస్తులో ఎవరో బట్టలు ఉతుకుతున్నారని చెప్పుకుని దిగిపోయాను.

సింహాచలం అప్పటికి తన్లిన్ రేవులో వాచ్‌మన్. వారం వారం చేపలు పట్టుకుని వంతెన దాటి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ మాస్టారు అతన్ని ఎదురుగా కూచోబెట్టి, ఆ మోకాలికి నూనె రాసేవారు. "ఇప్పుడెందుకు మాస్టారూ, దీన్ని మీరు ఎప్పుడో ఒగ్గీసినారు గదా" అని సింహాచలం నవ్వేవాడు. మాస్టారు తలెత్తేవారు కాదు. ఒకరోజు అతను మెట్లు దిగి వెళ్ళాక నాతో చెప్పారు.

"ఆడి మోకాలు బాగానే ఉందమ్మా. ఆ రోజు నానే ఓడించినాను."

నాకు అర్థం కాలేదు.

"ఆ తన్లిన్ గుంటడు రాకపోతే జట్టు మూసీస్తానన్నాడు ఓనరు. ఇంతమంది జీతాలు. అమెరికావోల్లే సేస్తన్నారు, ఇది తప్పేటి అన్నాడు. ఓడిపోండని ఎవులికీ సెప్పలేదు. సెప్తే ఆడగలరా? బాగా ఆడినోన్ని కూకోబెట్టినాను, అంతే."

"సింహాచలంతో చెప్పెయ్యండి మాస్టారూ."

"ఆడు నన్ను తిడితే పడతాను. ఆడు తిట్టడు. సరే మాస్టారూ అంతాడు. అది నాను ఇనలేను." మళ్ళీ కోర్టు వైపు తిరిగి, "నువ్వు సెప్తావేటి?" అన్నారు. ఇంతలో పిన్నిగారు టీ పట్టుకొచ్చారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను సరేననలేదు, కాదనలేదు. ఆ తర్వాత ఆయనకి మాట్లాడే ఓపిక లేకపోయింది.

పదో రోజు కర్మ అహ్లోన్‌లో నది ఒడ్డున చేశాం. సింహాచలమే కర్త. పిన్నిగారు, "మీ మాస్టారిది, నువ్వే ఉంచుకో" అని ఎర్రంచు తువ్వాలు అతనికిచ్చారు. భుజాన వేసుకున్నాడు. అరిటాకులో పిండం పెట్టి అందరం వెనక్కి జరిగాం. ఈ ఊళ్ళో కాకులకి కరువా? టీ బల్ల మీద బిస్కట్టు పెట్టి తల తిప్పితే ఉండదు. తీగ మీద, మేడ మీద, పడవల మీద నల్లగా బారులు తీరి ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. దిగకపోగా అరవనూ లేదు. అన్ని కాకులూ నోరు మూసుకుని ఆకు వైపే చూస్తున్నాయి.

"ఏదో కోరిక ఉండిపోయింది. చెప్పుకోండి" అన్నారు పంతులుగారు. పోయినవారి మనసులో ఉన్నదేదో నెరవేరుస్తామని అయినవాళ్ళు మాటిస్తే కాకి ముడుతుందని మా నమ్మకం. పిన్నిగారు తన గురించి బెంగపడొద్దన్నారు. మందులు మానకుండా వేసుకుంటానన్నారు. సింహాచలం ఆవిణ్ణి తన ఇంట్లో పెట్టుకుంటానన్నాడు. కాకులు కదల్లేదు. పంతులుగారు మబ్బు చూసి, "నీళ్ళలో కలిపేద్దాం" అని ఆకు మీద చెయ్యి వేశారు.

నాకు తెలుసు. అంతమందిలో నాకొక్కదానికే తెలుసు. సింహాచలాన్ని పక్కకి తీసుకెళ్ళి అంతా చెప్పేశాను, ఓనరు, తన్లిన్ కుర్రాడు, బిర్యానీ, అన్నీ. చనిపోయిన మనిషి మీద చెడు మోస్తున్నానేమో, ఉన్న ఒక్క కొడుకునీ దూరం చేస్తున్నానేమోనని భయం వేసింది. అతను నది వైపు చూస్తూ విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అయితే మోకాలు కాదన్నమాట అక్కా."

"కాదు."

"మా యమ్మ కూడా నా మోకాలు పనైపోనాదనే అనుకుని ఎలిపోనాది" అన్నాడు. మొహం మీద కోపం వచ్చింది. రావడం కళ్ళారా చూశాను, నాకు మనసు కుదుటపడింది. మాస్టారు అతన్ని తప్పుగా అంచనా వేశారు. అతను "సరే" అనలేదు. గబగబా వెళ్ళి పంతులుగారి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఒగ్గీండి. మీరందరూ ఎల్లండి. నాను కూకుంతాను."

"వానొస్తోంది నాయనా" అన్నారు పంతులుగారు.

"రానీండి. ఆయన గదా కూకోబెట్టినాడు. ఆయనే లేపాల."

ఆకుకి నాలుగడుగుల దూరంలో రేవు మెట్టు అంచు మీద, మోచేతులు మోకాళ్ళకి ఆనించి కూచున్నాడు. కళ్ళు ఆకు మీదే. భుజాన తువ్వాలు. ఇన్నేళ్ళయినా ఆ కూచోవడం అప్పటిదే. మేం మెట్లెక్కాం. పిన్నిగారి చెయ్యి నా చేతిలో ఉంది. పై మెట్టు చేరేసరికి వెనక రెక్కల చప్పుడు వినపడి తిరిగి చూశాను.

ఆకు ఖాళీగా ఉంది. తువ్వాలు అతని భుజం మీద లేదు, వెనక సిమెంటు మీద పడి ఉంది. ఆ వేళప్పుడు నది గాలి గట్టిగానే వీస్తుంది, అహ్లోన్‌లో ఎవరినడిగినా చెప్తారు. సింహాచలం లేచి నిలబడ్డాడు. లుంగీ ఎగ్గట్టి, ఎడమ మోకాలు ఒకసారి వంచి, చాపి చూసుకుంటున్నాడు.