తెర మీద రాహేలమ్మ పేరు

జ్ఞానమ్మ ఎవరి మాటా ఒక పట్టాన నమ్మదు. నాగాయలంక అవతల పేటలో ఆమె ఇల్లు. ఎండుచేపలు, ఎండురొయ్యలు బుట్టకెత్తుకుని బస్సెక్కి చల్లపల్లి మార్కెట్లో అమ్ముతుంది. కండక్టరు "చల్లపల్లి" అని కేకేసినా, కిటికీలోంచి చూసి ఊరేదో తనే తేల్చుకున్నాక గానీ సీట్లోంచి లేవదు.

అలా ఎందుకయిందో ఆమె దాచుకోలేదు. డెబ్భై ఏడు ఉప్పెన నాటికి ఆమెకు పదకొండేళ్ళు. ఆ రోజు పొద్దుటి నుంచీ గాలి కొడుతుంటే వాళ్ళ నాన్న ఆకాశం వంక చూసి "సాయంత్రానికి తగ్గిపోద్దిలే" అన్నాడు. ఆ మాట మీద అందరూ ఇంట్లోనే ఉండిపోయారు. చీకటి పడ్డాక సముద్రం ఊళ్ళోకి వచ్చింది. అమ్మ, తమ్ముడు పోయారు. నాయనమ్మా, తనూ తుమ్మచెట్టు పట్టుకుని మిగిలారు. నాన్న కూడా మిగిలాడు గానీ, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ రేపటి గురించి ఒక్క మాట చెప్పలేదు. వాన పడుతుందా అని అడిగినా లేచి అవతలికి పోయేవాడు.

ఆ రాత్రి సంగతి ఆమె చల్లపల్లి మార్కెట్లో చెప్పే తీరు వేరు. ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకుంటూ ఉంటే నాయనమ్మ, ఎదురుగా తాటిచెట్టుని కరుచుకుని ఉన్న ఇంకో ఆవిడతో అరువు తీసుకున్న రోకలి గురించి తగువు పెట్టుకుందని చెబుతుంది. నాయనమ్మ గొంతు, ఆవిడ గొంతు రెండూ తనే పలుకుతుంది. విన్నవాళ్ళు పగలబడి నవ్వుతారు. తర్వాత, నవ్వినందుకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రొయ్యల ధర అడుగుతారు.

పేటలో మాత్రం ఈ కథ ఎన్నడూ చెప్పలేదు. తాటిచెట్టు మీదున్న ఆవిడ రాహేలమ్మ. తెల్లారేసరికి ఆవిడ లేదు. ఆవిడ కొడుకు యేసుదాసు ఇప్పటికీ జ్ఞానమ్మ ఇంటికి నాలుగు గుమ్మాల అవతలే ఉంటాడు. అప్పుడతను బందరు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. తిరిగొచ్చేసరికి అతనికంటూ ఎవరూ మిగల్లేదు.

రెండేళ్ళ క్రితం ఒకరోజు మార్కెట్లో ఈ కథ వింటున్నవాళ్ళ వెనక గళ్ళచొక్కా వేసుకున్న కుర్రవాడొకడు నిలబడి ఉన్నాడు. అందరూ నవ్వినప్పుడు అతను నవ్వలేదు. అందరూ ఆపేశాక నవ్వాడు. జ్ఞానమ్మకు అది నచ్చలేదు.

"ఏంటి బాబూ, మీకు ఇప్పుడు తెలిసిందా?" అంది.

"తెలిసిందండీ. నా పేరు కృష్ణచైతన్య. మాది గుడివాడ దగ్గర నందివాడ. హైదరాబాదులో స్టేజీ మీద జోకులు చెబుతుంటాను. ఇప్పుడో సినిమా తీస్తున్నాను. అందులో మీరు చెయ్యాలి."

ఆమె బుట్ట మీద గుడ్డ కప్పేసింది. ఇంటికొచ్చి కూతురు మేరీతో, వాడెవడో కిడ్నీలు కాజేసేవాడై ఉంటాడని చెప్పింది. మేరీ ఫోన్లో వెతికి అతను మైకు పట్టుకుని మాట్లాడే వీడియోలు చూపించింది. జ్ఞానమ్మ చివరిదాకా చూసి, "వీడు నవ్వకుండా వాళ్ళని నవ్విస్తన్నాడు. ఇట్టాంటోళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి" అంది. అయినా అతను మళ్ళీ వచ్చినప్పుడు ఒప్పుకుంది. ఎప్పుడు ఏడవాలో తనకెవరూ చెప్పకూడదు, తను చూసిన తర్వాతే జనానికి చూపించాలి అని రెండు మాటలు తీసుకుంది.

ఆ సినిమా పేరు 'తీరం దాటలేదు'. తుఫాను హెచ్చరిక విని ఊరంతా షెల్టర్లో చేరుతుంది. తుఫాను దారి మళ్ళి ఎటో వెళ్ళిపోతుంది. హీరో లేడు, పాటల్లేవు. పులిహోర పొట్లాల దగ్గర, ఫోను ఛార్జింగు దగ్గర జనం పడే తగువులే కథంతా. జ్ఞానమ్మది తుఫాను పోయిందంటే నమ్మక షెల్టరు దిగనంటూ కూర్చునే ముసలమ్మ వేషం.

షూటింగులో ఆమె కళ్ళు కెమెరా మీద కన్నా దాని వెనకున్న వాళ్ళ మీదే ఉండేవి. వాళ్ళు చిన్న టీవీ చూసి నవ్వినప్పుడల్లా లేచి వెళ్ళి అందులో తన మొహమేమన్నా ఉందా అని చూసుకునేది. "మిమ్మల్ని కాదండీ, వెనక వీఆర్వో వేషం వేసిన శ్యాంబాబుగారు జారిపడ్డారు" అని అసిస్టెంటు సంజన చెబితే, శ్యాంబాబుని పిలిచి నిజమేనా అని విడిగా అడిగేది.

ఒకరోజు షెల్టర్లో అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకునే సీను తీశారు. కృష్ణచైతన్య ఆమెను రోకలి కథ చెప్పమన్నాడు. చెబుతూ చెబుతూ ఆమె కెమెరా సంగతే మర్చిపోయింది. ఎన్నడూ లేనిది నాయనమ్మ గొంతుతో, "ఒసేయ్ రాహేలా, నా రోకలి ఇవ్వకుండా చచ్చావంటే ఊరుకోను" అనేసింది. అన్న మరుక్షణం నాలిక్కరుచుకుంది.

సీను అవగానే అతని దగ్గరకు వెళ్ళి, "ఆ పేరు తీసెయ్యాలి బాబూ. ఆవిడ కొడుకు ఊళ్ళోనే ఉన్నాడు" అంది.

"అలాగేనండీ" అన్నాడతను.

ఆ 'అలాగే' మరీ తొందరగా వచ్చిందని ఆమెకు అనిపించింది.

నెలలు గడిచాయి. సినిమా చూపిస్తామన్నవాళ్ళు చూపించలేదు. ఫోను చేస్తే ఎడిటింగు అన్నారు, సౌండు అన్నారు. ఈలోగా అవనిగడ్డ బస్టాండు గోడ మీద పోస్టరు వెలిసింది. జ్ఞానమ్మ మొహం, దాని కింద పెద్ద అక్షరాల్లో 'ఈ ఏటి నవ్వుల ఉప్పెన' అని.

దివిసీమలో ఆ మాట చదివినవాళ్ళకు ఒళ్ళు మండింది. మన శవాల మీద గుడివాడ వైపు వాళ్ళు జోకులేసుకుంటున్నారన్నారు. జ్ఞానమ్మ ఎంతకి అమ్ముకుందో అన్నారు. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. యేసుదాసు ఎదురుపడితే తల తిప్పుకున్నాడు.

రిలీజు రోజు ఆమె ముసుగు కప్పుకుని మేరీతో బందరు వెళ్ళి మధ్యాహ్నం ఆట చూసింది. తెర కన్నా జనాన్నే ఎక్కువగా చూసింది. వెనక వరసల్లో కాలేజీ పిల్లలు మొదటి నుంచీ నవ్వుతూనే ఉన్నారు, నవ్వాల్సిన చోటా, కానిచోటా. పక్కనున్న పెద్దాయన "ఇదేం కామెడీ, ఒక్క జోకూ లేదు" అంటూ సగంలో లేచిపోయాడు. ముందు వరసలో ఒకావిడ కొంగుతో నోరు మూసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో జ్ఞానమ్మకు అంతు పట్టలేదు. గుడివాడలో హాలు నిండిందని, అక్కడ జనం చప్పట్లు కొట్టారని ఇంటర్వెల్లో ఎవరో చెప్పుకుంటున్నారు. అది విన్నాక ఆమెకు అనుమానం ఇంకా పెరిగింది.

తెర మీద రోకలి సీను వచ్చింది. పేరు అలాగే ఉంది.

హాలు బయటి నుంచే ఫోను చేసింది.

"తీసేస్తానన్నారు."

"తీసి చూశానండీ. పేరు లేకపోతే అది ఎవరో చెప్పిన కథలా ఉంది. అందుకే మళ్ళీ పెట్టాను."

"నవ్వుల ఉప్పెన అని రాసిందెవరు?"

"పంపిణీ చేసేవాళ్ళు."

"మీకు తెలీకుండానా?"

"తెలుసండీ. వద్దని గట్టిగా చెప్పలేకపోయాను."

"అవనిగడ్డలో వెయ్యబోయే ఆటకి ఆ పేరన్నా తియ్యండి."

"ఇప్పుడు కుదరదండీ."

పేటకు తిరిగి రాగానే ఆమె తిన్నగా యేసుదాసు ఇంటికి వెళ్ళింది. తెర మీద వినకముందే తన నోటి నుంచి వింటే మంచిదనుకుంది. లోపల రేడియో మోగుతోంది. "అన్నయ్యా, ఒక్క మాట" అంది. రేడియో ఆగింది గానీ తలుపు తెరుచుకోలేదు.

అవనిగడ్డ ఆటకు కృష్ణచైతన్య తనే వచ్చాడు. పోస్టరు మీద 'నవ్వుల ఉప్పెన' కనపడకుండా తెల్లకాగితం అంటించి ఉంది. లోపల సగం మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు, ఎక్కడ తప్పు దొరుకుతుందా అన్నట్టు. మొదటి అరగంట ఒక్క నవ్వూ లేదు. ఛార్జింగు కోసం తోడికోడళ్ళు కొట్టుకునే చోట ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. "సిగ్గులేదురా మీకు" అని ఒకాయన కేకేశాడు. ఆ కేకకు కూడా కొందరు నవ్వారు.

యేసుదాసు గోడవైపు చివరి కుర్చీలో ఉన్నాడు. జ్ఞానమ్మ అతన్నే చూస్తోంది. తెర మీద ఆమె గొంతు "ఒసేయ్ రాహేలా" అంది. తర్వాత రెండో గొంతు, "నీళ్ళు తగ్గనియ్యి, ఇచ్చేస్తాలే" అంది. హాలంతా నిశ్శబ్దంగా ఉంటే యేసుదాసు ఒక్కడే నవ్వాడు. చిన్న నవ్వు కాదు, భుజాలు ఊగేదాకా నవ్వాడు. నవ్వుతూనే లేచి బయటికి వెళ్ళిపోయాడు. అది కోపమో ఏమిటో ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే అతను వాళ్ళ అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు.

"మా అమ్మ నిజంగా ఆ మాట అందా, లేకపోతే నువ్వు కల్పించావా?" అన్నాడు.

అన్నదని చెప్పబోయి జ్ఞానమ్మ ఆగిపోయింది. ఎంతమంది మాటలో అనుమానించిన మనిషి, తన మాటను ఎప్పుడూ తిరగేసి చూసుకోలేదు. ఆ గాలి హోరులో నాయనమ్మ పక్కనే ఉంది కాబట్టి వినపడింది. మరి తాటిచెట్టు మీది గొంతు అంత దూరం వచ్చిందా? మార్కెట్లో చెప్పగా చెప్పగా ఎప్పుడో ఆ జవాబు వచ్చి చేరిందా?

"నాయనమ్మ అడగటం నిజం అన్నయ్యా. పేరు పెట్టి పిలిచింది. అవతల నుంచి మనిషి గొంతు వచ్చింది. ఏమందో ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను."

"గొంతు వచ్చిందా?"

"వచ్చింది."

అతను ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆ రోకలి మీ ఇంటి నుంచి మోసుకొచ్చింది నేనే. హాస్టలుకి అరిసెలు చేసి పంపిస్తానని బియ్యం దంచటానికి తెమ్మంది. దాని గురించి నాకు తప్ప ఎవరికీ తెలీదనుకున్నా. ఆ పిల్లాడు రాసిచ్చి నీతో చెప్పించాడేమో అనుకుంటానే సినిమాకొచ్చాను. రోకలి అనేసరికి నిజమని తెలిసిపోయింది."

ఆ సినిమా ఎక్కువ రోజులు ఆడలేదు. ఆ తర్వాత ఫోన్లలోకి వచ్చింది. బాగుందనేవాళ్ళు, తిట్టేవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కృష్ణచైతన్య ఒకసారి వచ్చి, మాట తప్పానని ఆమె ఎదుటే ఒప్పుకున్నాడు. ఆమె టీ ఇచ్చింది. ఇంకో సినిమా సంగతి ఎత్తితే మాత్రం విననట్టు ఊరుకుంది.

ఆ రోజు అరుగు మీంచి లేస్తూ యేసుదాసు, "ఆ తాటిచెట్టు ఎక్కడుండేదో చూపిస్తావా?" అని అడిగాడు. ఇద్దరూ కరకట్ట దిగి నడిచారు. పొలాలున్న చోటంతా ఇప్పుడు రొయ్యల చెరువులు, వాటిలో చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. జ్ఞానమ్మ ఒక గట్టు మీద ఆగి అటూ ఇటూ చూసి, కొంచెం వెనక్కి నడిచి మళ్ళీ ఆగింది.

"ఇక్కడనుకుంటా" అంది.

"ఇక్కడేనా?"

"అనుకుంటా అన్నయ్యా."

అతను చెప్పులు విడిచి అక్కడ నిలబడ్డాడు.