బాపు కట్టిన హీరో వేషం

బాపు వేషాల పాత ట్రంకుపెట్టె మూత తీస్తే మీసాలంటించే జిగురు వాసన ఇప్పటికీ గుప్పుమంటుంది. దాని వెంటే గోదావరిఖనిలో మా క్వార్టరు, వాకిట్లో బొగ్గుపొయ్యి రాజేసిన పొగ, మొదటి షిఫ్టు సైరను, సద్దుల బతుకమ్మకు అవ్వ, అంటే మా అమ్మ, కట్టిన మలీద ముద్దల బెల్లం వాసన, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి.

మా బాపు మల్లయ్య బాయిలో, అంటే భూమి లోపలి గనిలో, బొగ్గు నింపేవాడు. డ్యూటీ దిగాక నటుడు. దసరాకు కాలనీ మైదానంలో ఆడే నాటకాల్లో ఆయన వెయ్యని చిన్న వేషం లేదు. పోలీసు, పూజారి, తాగుబోతు, ఓ ఏడాది మనిషి దొరక్క పెండ్లికూతురి మేనత్త కూడా ఆయనే. ముసలివాడిగా వంగి నడిస్తే చప్పట్లు ఆగేవి కావు. అందులో నటన సగమేనని ఇంట్లో మాకు తెలుసు. బాయిలో కప్పు నెత్తికి తగిలేంత కిందికుంటుందట. ఇరవై ఏళ్లు దాని కింద నడిచి, పైకొచ్చాక కూడా ఏ గుమ్మం కనబడ్డా బాపు మెడ దానంతటదే వంగేది.

నా తొమ్మిదో ఏట హీరో వేషం వేసే ఆయనకు బదిలీ అయింది. నాటకం నేర్పే ఇంజినీరు సారు, కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, దొర ముందు తల వంచని రైతు వేషం బాపుకిచ్చి, మొదటి రిహార్సల్‌కే తల పట్టుకున్నాడు.

“మల్లయ్యగారూ, మీరలా వంగి వస్తుంటే దొరకు దండం పెడుతున్నట్టుందండీ. ఇలాగైతే వేషం ఇంకొకరికివ్వాల్సి వస్తుంది.”

“ఇరవై ఏండ్ల సంది వంగిన మెడ సారూ, గింత జల్ది లేస్తదా? పండుగ దాకా ఆగుండ్రి.”

ఇక అవ్వ పట్టుకుంది. బాపు గడప తొక్కితే చాలు, గారెల పిండి రుబ్బుతున్నా, జొన్నరొట్టె కాలుస్తున్నా సరే, “కప్పు లేదయ్యా!” అని అరిచేది. బాపు ఉలిక్కిపడి మెడ ఎత్తేవాడు. నాలుగు రోజుల్లో నేనూ, పక్క క్వార్టరు పిల్లలూ అదే పాట అందుకున్నాం.

నాటకం రోజు సాయంత్రం మైదానమంతా కార్మికులే. బాపు తెర పక్కనుంచి వచ్చాడు. అలవాటు చొప్పున వంగే వచ్చాడు. సారు ముఖం పాలిపోయింది. అరవడానికి నోరు తెరిచిన అవ్వ కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. కానీ అన్నేళ్లు చిన్న వేషాలు వేసిన మనిషి కదా, తప్పును ఎలా వాడుకోవాలో ఆయనకు తెలుసు. వంగినవాడు వంగినట్టే దొర ముందుకు నడిచి, అక్కడ ఆగి, మొదట చూపు, తర్వాత గడ్డం, తర్వాత మెడ, తీరిగ్గా ఒక్కొక్కటే పైకెత్తి నిటారుగా నిలబడ్డాడు. మైదానం లేచి నిలబడి ఈలలేసింది. తెర పడగానే సారు పరుగున వచ్చి, “ఇది నేను నేర్పింది కాదండీ,” అని బాపును కౌగిలించుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు హీరో మా బాపే. నస్పూర్ నుంచి, రామకృష్ణాపూర్ నుంచి పిలుచుకుపోయేవారు. అంత గొప్ప నటుణ్ణి నేను మళ్లీ చూడలేదు. కూతుర్ని కాబట్టి అంటున్నానని మీరనుకున్నా సరే.

ఇప్పుడు ఆ బాయి లేదు. నేలను పైనుంచి తవ్వుకుంటూ వచ్చిన ఓపెన్‌కాస్టులో మైదానం, స్టేజీ, మా క్వార్టరు అన్నీ పోయాయి. అవ్వ కూడా పోయింది. మొన్న బతుకమ్మకు మంచిర్యాలలో మా ఇంటికొచ్చిన బాపు, అంత ఎత్తు గుమ్మం దగ్గర కూడా మెడ వంచాడు.

“కప్పు లేదే బాపూ!” అన్నాను.

బాపు ఆగాడు. అవ్వ అరిచిందేమోనన్నట్టు ఒకసారి వంటింటి వైపు చూశాడు. తర్వాత నా ముందుకొచ్చి మొదట చూపు, తర్వాత గడ్డం ఎత్తాడు. మెడ మాత్రం లేవలేదు. నేను చప్పట్లు కొట్టాను.